పనియే చికిత్స

పక్షవాతము వచ్చి తేరుకొన్న యిల్లాలికి మన యిండ్లలో జరుగు సేవ యెట్టిదో సోదరీమణు లెరుగనిది కాదు. కోడలు అన్నము కలిపి నోటి కందించును. కూతురు తల దువ్వును. చీర కట్టుటకు మరియొకరు. ఇదంతయు ప్రేమయే, కాదనము. కాని చేయగల పనిని సైతము చేయనీయని ప్రేమవలన, మిగిలియున్న శక్తియు మూలబడుచున్నదని మేము చెప్పక తప్పదు.

ఇట్టివారి కొరకు ఆక్యుపేషనల్ థెరపీ యను విద్య యొకటి కలదు. ఆక్యుపేషన్ అనగా ఇచ్చట జీతము తెచ్చు ఉద్యోగము మాత్రమే కాదు. స్నానము, భోజనము, వంట, పూజ, పిల్లలకైన ఆట, ఇవన్నియు నందు చేరును. ఫిజియోథెరపిస్టు ముఖ్యముగా కండరముల బలమును, కీళ్ల కదలికను, నడకను చూచును. ఈ విద్య నేర్చినవారో, "అమ్మా, జబ్బునకు ముందు ఉదయము లేచి మీరేమి చేసెడివారు?" అని మొదలుపెట్టుదురు.

వారు నేర్పునవి చూచుటకు చిన్నవి. రవిక తొడుగునపుడు పడిపోయిన చేతిని ముందుగా దూర్చవలెను; విప్పునపుడు దానిని కడపట తీయవలెను. చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేసినచో బలహీనమైన పిడికిలికి పట్టు దొరకును. కంచము క్రింద తడిగుడ్డ పరచినచో జారదు. కూరలు తరుగు పలకకు తుప్పుపట్టని మేకులు రెండు అడుగునుండి పైకి దిగగొట్టి, దోసకాయను వానికి గ్రుచ్చినచో ఒంటిచేతితో తరుగవచ్చును. స్పర్శ తెలియని చేతితో నీటి వేడిమి చూడరాదు; మంచి చేతితోనే చూడవలెను. ఇంతమాత్రమునకు చదువేల యని నవ్వు పురుషులు ఒక్కపూట ఎడమచేతితోనే చొక్కా గుండీలు పెట్టుకొని చూతురు గాక!

మన దేశమున ఈ విద్యకు పాదు వేసినది కమలా నింబ్కర్. అమెరికాలో ఎలిజబెత్ లుండీగా జన్మించి, మహారాష్ట్రుల యింటి కోడలై వచ్చిన యీమె 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో తొలి పాఠశాలను నెలకొల్పెను. 1952లో అఖిల భారత సంఘము ఏర్పడెను. 2021 నాటి కేంద్ర శాసనము ఈ వృత్తిని ఆరోగ్యవృత్తులలో చేర్చినది.

ఆసుపత్రి విడుచునపుడు, ఈ విద్య తెలిసినవారు కలరా యని వైద్యుని అడుగుడు. వారు ఇంటికి వచ్చినచో గడపల యెత్తును, స్నానపు గది నేలను, పొయ్యి గట్టును చూపుడు. వారడిగిన ప్రశ్నలకు కొడుకు గాని కోడలు గాని బదులు చెప్పక, మాట తడబడినను, ఆలస్యమైనను, ఆ తల్లినే పలుకనిండు.