కాగజ్‌నగర్ చరిత్ర: పాత పెట్టెల్లోని కాగితాలు

హైటెక్ సిటీ, గచ్చిబౌలి కార్యాలయాలలో పనిచేస్తున్న మన యువతలో కాగజ్‌నగర్ బిడ్డలున్నారు. ఊరికి ఆ పేరెలా వచ్చిందంటే 'పేపరు మిల్లు వల్ల' అంటారు. అది సగం మాటే.

పూర్వం అది కొత్తపేట. 1929లో కాజీపేట–బల్లార్షా రైలుమార్గం పూర్తయి, మద్రాసుకూ ఢిల్లీకీ దగ్గరి దారి ఏర్పడింది. వెదురు అడవి, పెద్దవాగు నీరు, బెల్లంపల్లి బొగ్గు, రైలు ఒకదానికొకటి చేరువగా దొరికినందునే నిజాం హయాంలో 1938లో సిర్పూర్ పేపర్ మిల్స్ వెలిసింది. 1942లో ఉత్పత్తి మొదలైంది. ఉర్దూలో కాగితాన్ని కాగజ్ అంటారు కనుక ఊరు కాగజ్‌నగర్ అయింది.

మనలో కొందరు దీనిని నిజాం ఔదార్యంగా చెప్పుకొని అంతటితో ఆగిపోతారు. మేము అంగీకరించము. ఆ అడవి గోండులది, కోలాములది. మిల్లు ఏర్పడిన రెండేళ్లకే, 1940లో, జోడేఘాట్‌లో కుమ్రం భీం అదే సర్కారు తూటాలకు నేలకొరిగాడు. న్యాయం కోరే మనం ఆ పుటను చింపి మిగిలినది చదవలేము. అట్లే, ముస్లింలంటే పాలకులే అన్నట్లు రాసేవారికి వెదురు దించినవారు, షిఫ్టులు చేసినవారు, రైలు పట్టాలపై చెమటోడ్చినవారు కానరారు. వారి ఊసెత్తని చరిత్ర ఎవరిది?

2014లో మిల్లు మూతపడింది. 2018లో జేకే పేపర్ సంస్థ చేతికి వెళ్లి తిరిగి తెరుచుకునేవరకు ఆ ఊరు పడిన బాధ చిన్నది కాదు. జీతం ఆగిన ఇంట్లో పిల్లల ఫీజు మొదలు దుకాణం అప్పు వరకు అన్నీ ఒకేసారి మీద పడతాయి. బతుకుతెరువుకు ఊరు విడిచేవారు బట్టలూ గిన్నెలూ సర్దుకుంటారే గాని పాత పెట్టెల జోలికి పోరు.

ఆ పెట్టెలలోనే మన చరిత్ర ఉన్నది. సర్వీసు పత్రాలు, పీఎఫ్ చీటీలు, క్వార్టరు కేటాయింపు ఉత్తర్వులు, తాతగారి రైల్వే పాసు, ఉర్దూ మీడియం టీసీ. 2019లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చిన నాటి నుండి పాత కాగితం విలువ ఏ ముస్లిం కుటుంబానికీ వేరుగా చెప్పనక్కరలేదు. కాగితం తయారుచేసిన ఊరివారే కాగితం కోసం వెతుక్కోవలసి రావడం విడ్డూరమే!

ఈ సెలవులలో ఊరికి వెళ్లినప్పుడు ఆ పెట్టె తెరవండి. ఒక పత్రంలో షేక్, మరొకదానిలో షైక్ అని ఉంటే వేరుగా రాసిపెట్టుకోండి. నాయనమ్మ చెప్పేది ఫోనులో రికార్డు చేయండి. దస్త్రాల నడుమ ఉద్యోగజీవితం గడిపినవారిగా మరొక మాట: అసలు పత్రాలకు లామినేషన్ చేయించకండి, నూలు గుడ్డలో చుట్టి పొడిచోట ఉంచండి.