తెరకు అందని మూడవ ప్రయత్నం

మా ఎదుటి క్వార్టరులో ఉండే మిత్రుని ఇంటి పైకప్పు మీద డిష్ ఉన్నది. మేము మాత్రం కాలంతోపాటు మారుదామన్న ఉబలాటంతో సెల్‌ఫోనులో ఆట చూడడం అలవాటు చేసుకొన్నాము. దాని ఫలితం ఏమనగా, మా తెర మీద బౌలరు ఇంకా పరుగు ప్రారంభించకముందే ఎదుటి ఇంటి నుండి "ఔట్!" అన్న కేక వినవస్తుంది. ఇంటర్నెట్టు ద్వారా వచ్చే దృశ్యం డిష్ ద్వారా వచ్చేదానికంటె వెనుకబడి చేరుతుంది. ఆ కొద్ది సెకన్లలో మేము చూచేది ఆట కాదు, జరిగిపోయిన చరిత్ర. కేక వినబడకుండా కిటికీ మూసి చూచాము. ఉక్కపోత తప్ప ప్రయోజనం లేకపోయింది.

క్యాంటీనులోను, షిఫ్టు బస్సులోను క్రీడలను గూర్చి సాగే సంభాషణలలో సగభాగం ఆటగాళ్లను గూర్చి, తక్కిన సగం ప్రసారాలను గూర్చి. ఓవరులోని ఆరవ బంతి ఫీల్డరు చేతికి చేరీ చేరకముందే సబ్బు ప్రకటన ప్రత్యక్షమవుతుంది. అది ముగిసేసరికి తరువాతి ఓవరు తొలి బంతి పడిపోయి ఉంటుంది. కబడ్డీ ఆడుతుండగా వ్యాఖ్యాత క్రికెట్టు కబుర్లలోకి దిగుతాడు. ఈ బాధలకు అందరమూ అలవాటు పడ్డాము. మా మనసులో ఇరవై ఏళ్లకు పైగా నిలిచి ఉన్న వెలితి వేరొకటి.

అది 2000 సెప్టెంబరు 19. సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్య పతకం సాధించారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమెయే. భారత ఆహార సంస్థలో ఉద్యోగం చేసిన వ్యక్తి గనుక ప్రభుత్వరంగంలో పనిచేసే మనకు ఆమె విజయం ఒకింత సొంతమనిపించడంలో వింత లేదు. సిడ్నీ కాలమానం మనకంటె ఐదున్నర గంటలు ముందు. మేము జనరల్ షిఫ్టు ముగించుకొని రిక్రియేషన్ క్లబ్బుకు చేరేసరికి అక్కడ అంతా అయిపోయినది. వార్తల బులెటిన్ కొరకు నలభైమందిమి కాచుకొని కూర్చున్నాము. చూపినది ఏమిటి? మెడలో పతకం, చేతిలో పూలగుత్తి, చెదరని చిరునవ్వు. ఆపై వాతావరణం.

అసలు కథ మరునాడు పత్రికలు చదివి తెలుసుకొన్నాము. స్నాచ్‌లో ఆమె 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తారు, మొత్తం 240. స్వర్ణం, రజతం గెలిచిన ఇద్దరూ ఎత్తినది 242.5. చివరిదైన మూడవ ప్రయత్నానికి ఆమె 137.5 కిలోలు పెట్టించుకొన్నారు. లేచి ఉంటే స్వర్ణమే. అది లేవలేదు. ఆ బారు ఎంతవరకు వచ్చినది, ఎక్కడ ఆగినది, ఆ క్షణాన ఆమె కళ్లలో ఏమున్నది అన్నవి మాకు తెలియవు. ఆ సాయంత్రం మా పక్కన కూర్చున్న రిగ్గింగ్ విభాగపు ఖలాసీ పెద్దాయన మరునాడు మమ్ము వెదకికొని వచ్చి, "చేయి జారిందా సార్, మోకాలు ఆగలేదా? పేపర్లో రాశారా?" అని అడిగాడు. ఆయన ముప్పై ఏళ్లుగా బరువులతో కాపురం చేసినవాడు. ఆ ప్రశ్నకు పేపరులో సమాధానం లేదు.

గెలుపు చూపుతారు, ప్రయత్నం చూపరు. ప్రేక్షకుని ఫిర్యాదులన్నింటికీ మూలం ఇదేనని మేము భావిస్తున్నాము. ఇందులో అందరి తప్పూ ఒకే పాళ్లలో లేదన్నది కూడ ఒప్పుకోవాలి. ఒలింపిక్స్ దృశ్యాలను మన ఛానెళ్లు స్వయంగా చిత్రించవు. ఆ పని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2001లో నెలకొల్పిన ఒలింపిక్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీసెస్ అనే సంస్థది. అది తయారు చేసిన ఒకే దృశ్యధార ప్రపంచమంతటికీ పోతుంది. ఏ దేశం పట్లా పక్షపాతం చూపరాదన్నది దాని నియమం గనుక కెమెరా ముందు నడిచేవారినే వెంటాడుతుంది. పరుగులో మన అమ్మాయి ఆరవ స్థానంలో ఉంటే ఆమె చిత్రంలో ఒక అంచున మెరిసి మాయమవుతుంది. డబ్బున్న దేశాల ఛానెళ్లు తమ సొంత కెమెరాలను కూడ తీసుకొనిపోయి తమవారిని విడిగా చిత్రించుకొంటాయి.

జావెలిన్ వంటి పోటీల సంగతి మరీ చిక్కు. ఫైనలులో సాధారణంగా పన్నెండుమంది తలా మూడుసార్లు విసరుతారు. అందులో మేలైనవారికి మరికొన్ని అవకాశాలు. అదే సమయాన అదే మైదానంలో పరుగు పందాలు కూడ జరుగుతూ ఉంటాయి. అందుచేత విసురులలో కొన్నింటిని తరువాత తీరికగా చూపుతారు, కొన్నింటిని అసలే చూపరు. 2021 ఆగస్టు 7న టోక్యోలో నీరజ్ చోప్రాకు స్వర్ణం తెచ్చిన 87.58 మీటర్ల విసురు ఆయన రెండవ ప్రయత్నం. దానిని ఎన్ని వందలసార్లు చూచామో లెక్కలేదు. తక్కిన ఐదింటిని ఎందరు చూచారు?

అసలు చిత్రించనే చిత్రించని సందర్భాలు కూడ లేకపోలేదు. 1983 జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వే మీద భారత్ 17 పరుగులకు 5 వికెట్లు కోల్పోయిన వేళ కపిల్‌దేవ్ అజేయంగా 175 పరుగులు చేశారు. దానికి వీడియో లేదు. చూచినవాళ్లు చెప్పగా వినవలసినదే.

ఇక హక్కుల మాట. 1993లో హీరో కప్ ప్రసారం విషయమై బెంగాల్ క్రికెట్ సంఘానికి, దూరదర్శన్‌కు తగవు వచ్చి సుప్రీంకోర్టు దాకా పోయినది. 1995 ఫిబ్రవరి 9న వెలువడిన తీర్పు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని ప్రకటించినది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ బి.పి.జీవన్ రెడ్డి ఆ కేసులో వేరుగా తీర్పు వ్రాస్తూ, గుత్తాధిపత్యం ప్రభుత్వానిదైనా మరొకరిదైనా తగదన్నారు. దేశానికి ముఖ్యమైన పోటీల ప్రత్యక్ష ప్రసారాన్ని హక్కుదారులు తమ ప్రకటనలు లేకుండా ప్రసార భారతికి ఇవ్వాలని 2007లో చట్టం కూడ వచ్చినది. చదివితే కడుపు నిండుతుంది. కాని ఆ ప్రసారాన్ని దూరదర్శన్ తన టవర్ల ద్వారాను, తన ఉచిత డిష్ ద్వారాను మాత్రమే అందించవచ్చునని, కేబులువారికి ఇవ్వరాదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చినది. కోట్లు పోసి హక్కులు కొన్నవారి వైపు కూడ న్యాయం ఉన్నదని కాదనము. అయినా కేబులు కనెక్షన్ గల ఇంటిలో దూరదర్శన్ పెట్టుకొన్న ఉద్యోగికి మాత్రం ఆటకు బదులు మరేదో కార్యక్రమం కనిపిస్తుంది. ప్రజల ఆస్తిలో తన వాటా ఎక్కడున్నదని అతడు ఎవరిని అడగాలి? ఛానెలువారిని అడిగితే కేబులువారిని చూపుతారు, కేబులువారు చట్టాన్ని చూపుతారు. ఈ తిరుగుడు మన బిల్లుల సెక్షనులో తిరిగి అలవాటైనవారికి కొత్త కాదు. (మిత్రులు మన్నింతురు గాక.)

2028 జూలై 14 నుండి లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్స్ జరుగవలసి ఉన్నవి. అక్కడి కాలం ఆ రోజులలో మనకంటె పన్నెండున్నర గంటలు వెనుక. అక్కడ సాయంత్రం ఆరున్నరకు మొదలైన పోటీ మనకు ఉదయం ఏడు గంటలకు వస్తుంది. జనరల్ షిఫ్టువారికి అది బస్సు వేళ. రాత్రి షిఫ్టు దిగి వచ్చేవారికి మాత్రం సరిగ్గా తీరిక. ఇన్నేళ్లుగా ఏ ఫైనలూ కంటికి ఆనక బులెటిన్లతో సరిపెట్టుకొన్నవారికి మొదటి వరుస కుర్చీలు దక్కుతాయి. క్లబ్బు కార్యదర్శిగారికి మా విన్నపం ఒక్కటే: ఆ పదిహేడు రోజులూ తాళం చెవి ఉదయం ఆరు గంటలకల్లా వాచ్‌మన్ చేతిలో ఉంచండి. కాంటీనువారు టీ సంగతి చూడగలరని ఆశిస్తున్నాము. ఆ పెద్దాయన రిటైరై చాలా కాలమైనది. అయినా టౌన్‌షిప్ గేటు అవతలే ఉంటున్నాడు. బరువులెత్తే పోటీలు ఏ ఏ రోజులలోనో కాలపట్టిక చూచి ఆయనకు కబురు పంపే పూచీ మాది.