లెక్క ముందు, లాఠీ తర్వాత

మేము కొల్లాపూర్‌లో నల్లకోటు వేసుకునే కొందరు వకీళ్లం, వలసపోయి తిరిగొచ్చిన కొందరు కూలీలం. మళ్లీ మహమ్మారి వస్తే చట్టం మా గడపకు ఎట్లా రావాలో రాసుకుంటున్నాం.

2020 మార్చి 24 రాత్రి టీవీలో చెప్పి, అర్ధరాత్రి నుంచి దేశాన్ని 21 రోజులు మూశారు. ఊరు విడిచిన పాలమూరు లేబర్ ఎక్కడివాళ్లక్కడ చిక్కుకున్నారు. తర్వాత కేంద్రం పార్లమెంటులో కోటికి పైగా వలస కూలీలు సొంత రాష్ట్రాలకు చేరారని చెప్పింది. దారిలో చనిపోయినవాళ్ల లెక్క అడిగితే మాత్రం లేదంది.

లెక్క ఉండాలని 1979 చట్టం ఎప్పుడో చెప్పింది. వేరే రాష్ట్రం నుంచి ఐదుగురిని తెచ్చినా రిజిస్ట్రేషన్ చేయాలి, ఫొటో అంటించిన పాసుబుక్కు ఇవ్వాలి, రానుపోను దారిఖర్చు పెట్టాలి అని అందులో ఉండేది. ఆ చట్టం నడిచుంటే ఇంతమంది మనుషులు నడవాల్సి వచ్చేది కాదు. 2020 సెప్టెంబరులో తెచ్చిన కార్మిక కోడ్ ఐదును పది చేసింది. మేం ఐదు దగ్గరే నిలబడతాం. మేస్త్రీ వెంట పోయే గుంపులు చిన్నవి.

1897 నాటి అంటువ్యాధుల చట్టం బొంబాయి ప్లేగు కాలంలో పుట్టింది. అప్పుడు మొత్తం నాలుగే సెక్షన్లు. 1956 నవంబరు 1కి ముందు పార్ట్-బి రాష్ట్రాలుగా ఉన్న ప్రాంతాలకు ఇది వర్తించదని మొదటి సెక్షనే అనేది. హైదరాబాద్ పార్ట్-బి రాష్ట్రం, కొల్లాపూర్ అందులోది. ఆ మాటను 2020 ఏప్రిల్ 22న ఆర్డినెన్సుతో తీసేశారు. ఆ చట్టం పేరు మీద తెలంగాణ నిబంధనలు మార్చిలోనే వచ్చాయి! వకీళ్లకు ఇది చాయ్ దగ్గర చెప్పుకుని నవ్వుకునే ముచ్చట. కేసు మీద పడ్డవాడికి కాదు.

సర్కారు ఉత్తర్వు మీరినవాళ్ల మీద పెట్టే అప్పటి ఐపీసీ 188 కింద కోర్టు కేసు తీసుకోవాలంటే సంబంధిత అధికారి రాతపూర్వక ఫిర్యాదు ఉండాలి. ఇప్పుడది న్యాయ సంహితలో 223. నంబరు మారినా ఆ షరతు అట్లాగే ఉంది. ఆ ఫిర్యాదు లేకుండా వచ్చే కేసుల్లో ఫీజు తీసుకోకుండా వాదిస్తాం. జుర్మానా కట్టి పొమ్మని ఎవరికీ సలహా ఇవ్వం.

వ్యాజ్యాల గడువు విషయంలో సుప్రీంకోర్టు దయగా ఉంది: 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా లెక్కలోంచి తీసేసింది. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సుకు ఆ సెలవు దొరకలేదు. వచ్చేసారి కోర్టుల గడియారం ఆగితే ఆ బాకీ గడియారమూ ఆగాలి.

కోవిడ్ చావుకు 50 వేల రూపాయలన్నారు. దాన్ని పరీక్షకో, డాక్టరు నిర్ధారణకో ముడిపెట్టారు. నడుస్తూ రోడ్డు పక్కన కూలినవాడికి పరీక్ష ఎవరు చేస్తారు? లాక్‌డౌన్ వల్ల పోయిన ప్రాణాన్నీ పరిహారంలో చేర్చాలి.

సర్కారు రిజిస్టరు వచ్చేదాకా మేం కూర్చోం. దసరా దాటి జనం మూటాముల్లె సర్దుకునే రోజుల్లో ఊరూరా తిరిగి మేమే తెలుగులో రాస్తాం: పేరు, పోయే ఊరు, మేస్త్రీ, తీసుకున్న అడ్వాన్సు, ఇంటిదగ్గర మిగిలినవాళ్లు. ఒక ప్రతి పంచాయతీలో, ఒకటి మా దగ్గర.