బొమ్మకు నడక నేర్పుదాం

మీ ఇంట్లో బడికెళ్లే పిల్లలున్నారా? అయితే ఈ పూట ఓ పని చేయండి. వాళ్ల లెక్కల నోటు పుస్తకం తీసి చివరి పేజీ చూడండి. లెక్కలు చేశారా లేదా అన్నది తర్వాత సంగతి. ముందు అక్కడున్న లోకాన్ని చూడండి. మూడు కాళ్ల కుక్క, మీసాలున్న సూర్యుడు, తలకంటే చేతులు పెద్దవైన పహిల్వాను, సీరియల్లో అత్తగారిలా కళ్లురిమే బల్లి!

రెండో తరగతి పుస్తకంలో ఇలాంటి బొమ్మలు పేజీల కొద్దీ ఉంటాయి. ఆరో తరగతికి తగ్గుతాయి. ఎనిమిదికొచ్చేసరికి చాలామంది పుస్తకాల్లో మచ్చుకైనా కనిపించవు. ‘నాకు బొమ్మలేయడం రాదు’ అన్న మాట పిల్లల నోట మొదటిసారి వినపడేది ఈ మధ్యలోనే. ఎవరో ‘ఇది గుర్రమా, గాడిదా?’ అని నవ్వి ఉంటారు. లేదా తన బొమ్మను క్యాలెండర్ బొమ్మతో తానే పోల్చుకుని చిన్నబుచ్చుకుని ఉంటారు. అంతే, పెన్సిల్ పక్కకెళ్లిపోతుంది.

ఆ పెన్సిల్‌ని కాపాడే ఉపాయం ఒకటుంది. బొమ్మ బాగుందా లేదా అన్న మాట పక్కనపెట్టి, ‘ఇది ఎలా నడుస్తుందిరా?’ అని అడగడం. చేత్తో గీసిన బొమ్మను కంప్యూటర్‌లోనో సెల్‌ఫోన్‌లోనో కదిలించడం పిల్లలకు నేర్పే పాఠం అసలు ఉద్దేశం అదే. వంకర గుర్రం కాగితం మీద ఉన్నంతసేపే వంకర. అది నాలుగడుగులు వేసిందా, ఇక దాన్ని ఎవరూ గాడిద అనరు. ‘ఇంకోసారి చూపించు’ అంటారు.

కదలికకు అందంతో పని లేదు

ఈ మాట ఊరికే పిల్లల్ని బుజ్జగించడానికి చెప్పేది కాదు. ఫ్రాన్స్‌లో ఎమిల్ కోల్ 1908లో ‘ఫాంటస్మగోరీ’ అనే చిన్న చిత్రం తీశాడు. చేత్తో గీసిన బొమ్మలతో తొలినాళ్లలో వచ్చిన యానిమేషన్ చిత్రాల్లో అదొకటి. నిడివి రెండు నిమిషాల లోపే. దానికోసం ఆయన గీసిన బొమ్మలు దాదాపు 700. ఆ బొమ్మలేమైనా రవివర్మ చిత్రాలా అంటే కాదు, పలక మీద పిల్లలు గీసే గీతల మనుషులే! మన దూరదర్శన్ రోజుల్లో పెరిగినవారికి 1974లో ఫిల్మ్స్ డివిజన్ నిర్మించిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’ గుర్తుండే ఉంటుంది. విజయ మూలే దర్శకత్వం, భీమ్‌సేన్ యానిమేషన్. అందులోని పిట్టలూ పిల్లలూ తేలికైన గీతలే. అయినా ఐకమత్యం గురించి ఎన్ని ఉపన్యాసాలు చెప్పలేనిది ఆ పిట్టలు వలతో సహా ఎగిరిపోయి చెప్పాయి.

ఇంతకీ బొమ్మ ఎలా కదులుతుంది? నిజానికి ఏ బొమ్మా కదలదు. కొద్ది కొద్ది తేడాలతో గీసిన బొమ్మలు చకచకా కళ్లముందు మారిపోతుంటే, వాటిని విడివిడిగా చూడలేక మన చూపు, మెదడు కలిసి కదలికగా అల్లుకుంటాయి. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. యానిమేషన్‌లో చాలాసార్లు ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు ఉంచుతారు కాబట్టి 12 బొమ్మలు సరిపోతాయి. పిల్లలకైతే ఎనిమిదితో మొదలుపెట్టినా తప్పులేదు. అంటే పది సెకన్లకు 80 బొమ్మలు. ఈ లెక్క బల్ల మీద రాసి చూపించండి. ‘రామాయణం మొత్తం తీసేద్దాం టీచర్’ అన్నవాళ్లు కూడా అరటితొక్క మీద కాలుజారే కోతి కథకు బుద్ధిగా ఒప్పుకుంటారు!

మొదటి గురువు బంతి

తొలి పాఠానికి కంప్యూటర్ అక్కర్లేదు. చిన్న నోటు పుస్తకం, పెన్సిల్ చాలు. పేజీల మూలల్లో ఒక్కో బంతి గీసి బొటనవేలితో జర్రున వదిలితే బంతి ఎగురుతుంది. ఈ ఆట పుస్తకానికి ఇంగ్లండ్‌లో 1868లోనే పేటెంట్ తీసుకున్నారు.

చాలామంది పిల్లలు మొదట బంతుల్ని సమానమైన ఎడంతో గీస్తారు. తిప్పి చూస్తే అది బంతిలా ఎగరదు, లిఫ్ట్‌లా దిగుతుంది. ‘ఎందుకలా?’ అని అడిగి, సమాధానం చెప్పకుండా ఓ నిజం బంతి చేతికివ్వండి. నాలుగుసార్లు ఎగరేస్తే వాళ్లే కనిపెడతారు. పైకి వెళ్లేకొద్దీ బంతి నెమ్మదిస్తుంది, కిందికి వచ్చేకొద్దీ జోరందుకుంటుంది. కాబట్టి పైన బంతులు దగ్గర దగ్గరగా గీయాలి, నేల దగ్గర దూరం దూరంగా గీయాలి. దగ్గరగా గీస్తే నెమ్మది, ఎడంగా గీస్తే వేగం. యానిమేషన్ విద్యకు ఓనమాలు ఇవే. సైన్సు మాస్టారు గురుత్వాకర్షణ పాఠం మొదలుపెట్టినప్పుడు ఈ పిల్లలకు అది పాత చుట్టంలా కనిపిస్తుంది. నేలను తాకినప్పుడు కాస్త నొక్కుకుపోయినట్టు గీస్తే రబ్బరు బంతి, నొక్కకుండా గీస్తే గోళీ. ఒక్క గీత తేడాతో బరువు కూడా కనిపిస్తుందన్నమాట!

తోలుబొమ్మ చెప్పే రహస్యం

బంతి సరే, మనిషిని కదిలించడమెలా? ప్రతిసారీ కొత్తగా గీయాలంటే పిల్లలకు ఓపిక చాలదు. ఇక్కడే మన తోలుబొమ్మలాట సాయానికొస్తుంది. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ కళ ఇప్పటికీ బతికే ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మను దగ్గరగా చూడండి. తల, మొండెం, భుజం, మోచెయ్యి, కాళ్లు విడివిడి ముక్కలు. కీళ్ల దగ్గర కలిపి కట్టి ఉంటాయి. రాముడు విల్లెత్తాలంటే రాముణ్ని మళ్లీ గీయక్కర్లేదు, చెయ్యి తిప్పితే చాలు.

జర్మనీలో లోటె రైనిగర్ అనే ఆవిడ ఇలా కీళ్లున్న కాగితపు నీడబొమ్మలతోనే 1926లో ‘ప్రిన్స్ అహ్మద్ సాహసాలు’ అనే పూర్తి నిడివి చిత్రం తీసింది. నేటికీ దొరుకుతున్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాల్లో అన్నిటికన్నా పాతది అదే. ఇప్పటి కంప్యూటర్ సాఫ్ట్‌వేర్లు చేసేదీ ఇదే పని. ఒక్కో అవయవాన్ని ఒక్కో పొర మీద పెట్టి, కీలు ఎక్కడుందో చూపిస్తే, దాని చుట్టూ తిప్పుతాయి.

కాబట్టి తరగతిలో క్రమం ఇలా ఉండాలి. పిల్లలు తమ పాత్రను కాస్త మందపాటి కాగితం మీద గీస్తారు. నోటు పుస్తకం చివరి పేజీలోని బల్లే కావచ్చు. రంగులేసి ముక్కలుగా కత్తిరిస్తారు. కత్తిరించే ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. చెయ్యి భుజంలోకి కాస్త చొచ్చుకుపోయేలా పొడవుగా, చివర గుండ్రంగా గీసుకోవాలి. లేకపోతే చెయ్యి ఎత్తగానే భుజం దగ్గర సందు పడి, విరిగిన చెయ్యిలా కనిపిస్తుంది. ముక్కల్ని దారం ముడితో కలిపితే బొమ్మ సిద్ధం.

తర్వాత నడక. ముందు పిల్లల్నే గోడ పక్కగా నడవమనండి. మిగతావాళ్లు నడిచేవాడి తలనే చూడాలి. కాళ్లు ఎడంగా ఉన్నప్పుడు తల కిందికి దిగుతుంది, ఒక కాలు మరో కాలిని దాటుతున్నప్పుడు పైకి లేస్తుంది. ఏళ్ల తరబడి నడుస్తున్నాం కానీ, మనలో ఎంతమందిమి ఈ సంగతి గమనించాం? అమ్మమ్మ నడక వేరు, పరీక్ష పేపరు చేతికొచ్చిన కుర్రాడి నడక వేరు, జీతం రోజు నాన్న నడక వేరు. బొమ్మ వేయడానికి చూసే చూపు పిల్లలకు మనుషుల్ని చదవడం నేర్పుతుంది.

సెల్‌ఫోనే స్టూడియో

ఇప్పుడు ఫోన్ తీయొచ్చు. బొమ్మను చార్టు మీద పడుకోబెట్టాలి. రెండు వైపులా పుస్తకాల దొంతరలు పేర్చి, వాటి మీద ఫోన్ కెమెరా కిందికి చూసేలా ఆనించాలి. చార్టు మూలలకు టేపు వేయాలి. కిటికీ వెలుతురును నమ్ముకోకూడదు. మబ్బు పట్టినప్పుడల్లా బొమ్మ మీద వెలుగు మారి, సినిమా మిణుకు మిణుకుమంటుంది. ట్యూబులైటు వేసి కిటికీ మూసేయడం మేలు. ఇక బొమ్మను రవ్వంత జరపడం, చెయ్యి తీసేయడం, ఫొటో తీయడం, మళ్లీ జరపడం.

నలుగురి జట్టయితే పని చక్కగా సాగుతుంది. ఒకరు జరుపుతారు, ఒకరు ఫొటో తీస్తారు, ఒకరు లెక్క రాసుకుంటారు, నాలుగోవారు ఫ్రేములో ఎవరి చెయ్యీ మిగిలిపోకుండా చూస్తారు. తరగతిలో నోరు విప్పని పిల్ల లెక్క రాసే చోట చేరి, చివరికి జట్టంతటినీ నడిపించడం ఇలాంటి పనుల్లో చూస్తుంటాం. కథను మాత్రం ముందే నాలుగు గడుల్లో గీయించాలి. మన బాపు తన సినిమాలకు సన్నివేశాల్ని ముందే బొమ్మలుగా వేసుకునేవారు. అంతటివారికే అవసరమైనప్పుడు మనకు అక్కర్లేదా?

ఆ ఫొటోల్ని వరుసగా పేర్చడానికీ, నేరుగా తెర మీద గీయడానికీ ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఫోన్‌లో ఫ్లిపాక్లిప్, కంప్యూటర్‌లో పెన్సిల్ టూడీ ఉన్నాయి. ఎంఐటీ వాళ్లు 2007లో పిల్లలకోసం విడుదల చేసిన స్క్రాచ్‌లో మన బొమ్మల్నే పాత్రకు ‘వేషాలు’గా ఎక్కించి ఒకదాని తర్వాత ఒకటి మార్చొచ్చు. ఇందులో పెన్సిల్ టూడీ, స్క్రాచ్ పూర్తిగా ఉచితం. ఉచితమంటే నాసిరకం అనుకోకండి. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా చిత్రం ‘ఫ్లో’ తయారైంది బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తోనే.

ఇక్కడ మాస్టార్లకు ఓ మాట. మీటలు నేర్పడంతో సరిపెట్టకండి. ఒకప్పుడు యానిమేషన్ కోర్సు అంటే ఫ్లాష్. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా అదే. ఆ ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబరు 31తో నూకలు చెల్లాయి. దాని మీటలు మాత్రమే నేర్చుకున్నవారు మళ్లీ మొదటికొచ్చారు. బంతి ఎలా ఎగురుతుందో నేర్చుకున్నవారికి మాత్రం ఏ నష్టమూ లేదు. బంతి ఇప్పటికీ అలాగే ఎగురుతోంది.

మీట నొక్కితే ఆడే బొమ్మ

‘ఇంత శ్రమ ఎందుకండీ, ఇప్పుడు అన్నీ ఏఐ చేసేస్తోందిగా’ అని మీకు అనిపించొచ్చు. నిజమే. మెటా సంస్థ 2021 డిసెంబరులో అలాంటిదే ఒకటి తెచ్చింది. పిల్లలు గీసిన మనిషి బొమ్మను ఎక్కిస్తే, కీళ్లెక్కడున్నాయో అదే ఊహించి క్షణాల్లో గంతులేయించేది. 2023లో ఆ ప్రోగ్రామును, దాదాపు 1,80,000 బొమ్మల్ని అందరికీ అందుబాటులో ఉంచింది. చూస్తే ముచ్చటేస్తుంది. పిల్లలకు చూపించండి, కాదనను. కానీ ఒక ప్రశ్న అడగండి. ‘నీ పహిల్వాను ఇలాగే గెంతుతాడా?’

అక్కడే తేడా తెలుస్తుంది. యంత్రం ముందే సిద్ధంగా ఉన్న గంతును ఆ బొమ్మకు తొడుగుతుంది. మీ వాడి పహిల్వానుకూ, పక్కింటి పాప గీసిన రాకుమారికీ అదే గంతు. తన పహిల్వానుకు చేతులు బరువు కాబట్టి ఊగుతూ నడుస్తాడనీ, బొద్దింకను చూస్తే మాత్రం కుర్చీ ఎక్కుతాడనీ తెలిసింది వాడొక్కడికే. ఆ సంగతి బొమ్మలోకి తేవడానికి 80 ఫొటోలు తీయాలి. ఆ తీరిక మనం ఇస్తామా లేదా అన్నదే ప్రశ్న.

‘దీనివల్ల ఉద్యోగం వస్తుందా?’ అని అడిగే తల్లిదండ్రులూ ఉంటారు. అడగడంలో తప్పులేదు. 2008లో టీవీకెక్కి దేశమంతా చుట్టేసిన ‘ఛోటా భీమ్’ పుట్టింది మన హైదరాబాద్‌లోనే. కాబట్టి ఇష్టమున్నవారికి దారి ఊళ్లోనే ఉంది. అయితే బొమ్మ కదిలించిన ప్రతి పిల్లా యానిమేటర్ కానక్కర్లేదు, లెక్కలు చేసిన ప్రతివారూ రామానుజన్ కానట్టే. ఒక పనిని ముక్కలుగా విడగొట్టడం, వరుస తప్పకుండా చేయడం, నలుగురితో సర్దుకుపోవడం, చెడితే మళ్లీ తీయడం వాళ్లకు ఏ పనిలోనైనా అక్కరకొస్తాయి.

చివరిగా పెద్దలకు ఒక్క మనవి. పిల్లల బొమ్మను దిద్దకండి. గుర్రం మెడ పొట్టిగా ఉంటే పొట్టిగానే ఉండనివ్వండి. కదలిక కుదరకపోతే సలహా చెప్పండి, గీత మీద మాత్రం చెయ్యి వేయకండి. మీ చెయ్యి పడగానే అది మీ బొమ్మ అవుతుంది, వాడి పెన్సిల్ మళ్లీ పక్కకెళుతుంది. పది సెకన్ల సినిమా పూర్తయ్యాక ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. చివర్న తప్పకుండా పేరు వేయించండి. ‘బొమ్మలు, కథ, దర్శకత్వం’ అని తన పేరు తెర మీద చూసుకున్న పిల్ల, బొమ్మలేయడం తనకు రాదని అంత తేలిగ్గా అనదు.