గడప లోపలి ఆకాశం

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. హైదరాబాద్‌కు దగ్గర్లో ఉన్న జాపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు ఆ గ్రహణాన్ని పరిశీలిస్తుంటే, అక్కడికి ఎంతో దూరం లేని మా ఊళ్ళో మా అమ్మ తలుపులన్నీ మూసి మమ్మల్ని లోపల కూర్చోబెట్టింది. కడుపుతో ఉన్న మా చిన్నమ్మను మంచం మీంచి కదలనివ్వలేదు. పట్టపగలు చీకటి పడిందనీ, కోళ్ళు గూళ్ళకు చేరాయనీ మా అన్న బయటినుంచి వచ్చి చెప్తే విన్నాం. అన్న బయటికెలా వెళ్ళాడని ఎవరూ అడగలేదు. మగపిల్లవాడు కదా!

1993లో బి.ఎస్సీ. అయ్యాక ఖగోళశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేస్తానన్నాను. "రాత్రిపూట టెలిస్కోపు దగ్గర, మగవాళ్ళ మధ్య, ఆడపిల్లకేం పని?" అన్నారు నాన్న. బి.ఎడ్. చేసి టీచరునయ్యాను. పెళ్ళి, పిల్లలు, బదిలీలు. 2021లో, నలభై తొమ్మిదో ఏట, ఒక విదేశీ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో నడిపే ఖగోళశాస్త్రం పీజీ కోర్సులో చేరాను. ఈసారి ఇంట్లో ఎవరూ కాదనలేదు. ఎందుకు కాదనలేదన్న ప్రశ్నే నాచేత ఈ వ్యాసం రాయిస్తోంది.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆన్‌లైన్ చదువంటే నాసిరకం చదువు కాదు. ఆస్ట్రేలియాలోని స్విన్‌బర్న్ విశ్వవిద్యాలయం లాంటివి 1990ల చివరినుంచే ఖగోళశాస్త్రాన్ని ఈ పద్ధతిలో బోధించాయి. యూరప్ వాళ్ళ గయా ఉపగ్రహం దాదాపు 180 కోట్ల నక్షత్రాల, ఇతర ఖగోళ వస్తువుల వివరాలు సేకరిస్తే, 2022లో వాటిని ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేశారు. పెద్ద శాస్త్రవేత్త చేతిలో ఉన్న అంకెలే మా వంటింటి బల్లమీద నా కంప్యూటర్లోనూ ఉన్నాయి. ఇది చిన్న విషయం కాదు.

నా ప్రాజెక్టుకు సెఫీడ్ నక్షత్రాలు తీసుకున్నాను. వీటి వెలుగు ఒక లయలో పెరిగి తగ్గుతుంటుంది. ఆ పెరిగి తగ్గే కాలం ఎంత ఎక్కువైతే నక్షత్రం అసలు ప్రకాశం అంత ఎక్కువ. అమెరికాలోని హార్వర్డ్ వేధశాలలో పనిచేసిన హెన్రియెటా లెవిట్ 1912లో 25 నక్షత్రాల ఆధారంగా ఈ సంగతి ప్రకటించింది. ఆ కొలబద్దతోనే 1920లలో ఎడ్విన్ హబుల్, ఆండ్రోమెడా మన పాలపుంత బయట ఉన్న మరో గెలాక్సీ అని తేల్చాడు. లెవిట్‌కు ముట్టిన కూలి గంటకు 30 సెంట్లు. టెలిస్కోపు పని మగవాళ్ళది. వాళ్ళు రాత్రిళ్ళు తీసిన ఫోటో పలకలను పగలు గదిలో కూర్చుని కొలవడం ఆడవాళ్ళది.

ఈ శాస్త్రం నుంచి ఆడవాళ్ళను దూరం పెట్టడానికి రాత్రే పెద్ద సాకు. కాలిఫోర్నియాలోని పాలొమార్ వేధశాలలో పరిశీలన చేయడానికి అధికారికంగా అనుమతి పొందిన మొదటి స్త్రీ వెరా రూబిన్. అదీ 1965లో. అంతకుముందు చెప్పిన సాకుల్లో ఒకటి, ఆడవాళ్ళకు వేరే మరుగుదొడ్డి లేదని! ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 1975 దాకా ఖగోళశాస్త్రం పీజీలో ఆడవాళ్ళను చేర్చుకోనేలేదు. మా నాన్న మాటకూ ఆ పెద్ద సంస్థల మాటకూ తేడా ఏముంది?

మళ్ళీ మా ఇంటికొస్తాను. "ఇంట్లోనే ఉంటావు కదా, చదువుకో" అన్నారు మా ఆయన. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. కానీ ఇంట్లో ఉన్న ఆడది చదువుతున్నట్టు ఎవరికి కనిపిస్తుంది? పాఠం వింటుంటే అత్తమ్మకు మందులివ్వాలి. లెక్క సగంలో ఉంటే పాలవాడొస్తాడు. బాబుకు పరీక్షలంటే కంప్యూటర్ వాడిదే. చివరికి రాత్రి పదకొండు తర్వాతి సమయమే నాకు మిగిలింది. మా ఆయన ఆఫీసు పరీక్షలకు చదివినప్పుడు మాత్రం తలుపు వేసుకునేవారు. అటువైపు పిల్లలు వెళ్ళకుండా నేను కాపలా కాసేదాన్ని.

అసలు సంగతి 2023 జనవరిలో బయటపడింది. ఆకాశాన్ని పరిశీలించేవాళ్ళ బృందం ఒకటి ఊరి దీపాలకు దూరంగా రెండు రాత్రుల శిబిరం పెట్టింది. వీలైతే ఇలాంటి చోట్లకు వెళ్ళమని మా కోర్సువాళ్ళు సలహా ఇచ్చారు. వెళ్తానన్నాను. "తప్పనిసరి కాదని వాళ్ళే రాశారుగా" అన్నారు మా ఆయన. గట్టిగా కాదనలేదు, అరవలేదు. ఆ ఒక్క మాటే అన్నారు. ముప్పై ఏళ్ళ కిందట నాన్న మూసిన తలుపు తెరుచుకోలేదని నాకప్పుడు అర్థమైంది. దాని పక్కన ఒక కిటికీ పెట్టారంతే. ఆడదానికి "తప్పనిసరి కాదు" అన్నదేదీ మిగలదు.

రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు తోటి టీచర్‌ను తోడు తీసుకుని వెళ్ళాను. మొదటి రాత్రి మబ్బులు. రెండో రాత్రి తేటపడింది. యాభై దాటాక మొదటిసారి పెద్ద టెలిస్కోపులో ఓరియన్ నెబ్యులాను చూశాను. పుస్తకంలో చూసిన రంగులేవీ లేవు, బూడిద రంగు పొగలా ఉంది. అయినా అది నా కంటితో నేను చూసింది. ఇంటికొచ్చేసరికి ఇల్లు మునిగిపోలేదు. బాబు అన్నం వండాడు, కొంచెం మాడింది.

నిజమే, ఈనాడు ఖగోళ శాస్త్రవేత్తల్లో మగవాళ్ళు కూడా చాలా పని కంప్యూటర్ ముందే చేస్తున్నారు. కానీ వాళ్ళకది సౌకర్యం. మనకది షరతు అయితే, లెవిట్ కూర్చున్న గదినే మళ్ళీ మన ఇళ్ళల్లో కట్టినట్టు.

దూరవిద్యను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పల్సార్లను కనిపెట్టడంలో ముందున్న జోస్లిన్ బెల్ బర్నెల్ తన కుటుంబ బాధ్యతల మధ్య 1973 నుంచి 1987 దాకా బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో ట్యూటర్‌గా పనిచేసింది. 2018లో తనకొచ్చిన 30 లక్షల డాలర్ల బహుమతిని, భౌతికశాస్త్రంలో అవకాశం దక్కని వర్గాల విద్యార్థుల కోసం ఇచ్చేసింది. మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది అంబేద్కర్ పేరుతో ఉంది. చదువు ఆగిపోయిన ఆడవాళ్ళకు అదెంత ఆసరా అయిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమని 2022లో యూజీసీ కూడా ప్రకటించింది.

అయితే కాగితం మీది సమానత్వం చాలదు. ఆన్‌లైన్ చదువును ఆడవాళ్ళకు అనువైన చదువుగా ప్రచారం చేసేవాళ్ళను మనం కొన్ని అడగాలి. ప్రయోగశాలకూ వేధశాలకూ వెళ్ళడం కోర్సులో భాగం కావాలి. అందుకు వసతి, రవాణా, భద్రత సంస్థే చూడాలి. స్కాలర్‌షిప్‌లకు వయసు అడ్డు పెట్టకూడదు. మన కార్యాలయాల్లో సాయంత్రాలు ఖాళీగా ఉండే గదులను చదువుకునే ఆడవాళ్ళకు తెరవాలి. ఇది మనం రేపే మొదలుపెట్టగల పని.

ఇక ఇంటి సంగతి. చదువుకోనిచ్చారని కృతజ్ఞత చెప్పుకోవడం మానేద్దాం. చదివే గంటలు ఎన్ని, ఆ గంటల్లో ఇంటిచాకిరీ ఎవరిది అని అడుగుదాం. ఇంట్లో కూర్చుని చదవడం మన ఇష్టమైతే కూర్చుందాం. చీకట్లోకి వెళ్ళి చూడాలనిపిస్తే వెళ్దాం.

ఆకాశం ఎవరి గడప లోపలా లేదు.