జరిమానా ఖజానాకు, నష్టము కొనువానికి

పోటీ కమిషనుకు పండ్లు లేవనువారు సిమెంటు వ్యాజ్యమును చూడవలెను. భారత బిల్డర్ల సంఘము ఫిర్యాదుపై విచారణ జరిపి, కమిషను 2012 జూనులో పదునొకండు కంపెనీలపై ఆరువేల కోట్లకు మించిన జరిమానా విధించెను. ఒడంబడిక పత్రమేదియు దొరకలేదు. ఇట్టి పనికి రసీదు లెవరు వ్రాసికొందురు! శక్తి యుండియు ఉత్పత్తి తగ్గించుట, సంఘసభలలో కలిసికొనుట, ధరలు కూడబలుకుకొన్నట్లు పెరుగుట, వీనినిబట్టియే 2002 నాటి చట్టము క్రింద కుమ్మక్కును నిర్ణయించెను.

2015 లో అప్పీలు ట్రిబ్యునలు ఆ తీర్పును కొట్టివేసెను. వాదములు వినని అధ్యక్షుడు తీర్పుపై సంతకము చేసెనట! వినినవాడే తీర్పు చెప్పవలెనను సూత్రమును ఏ వకీలును కాదనడు, తప్పు కమిషనుదే. మరల విచారణ, 2016 లో మరల జరిమానా, 2018 జులైలో దానికి ఆమోదము, ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు అప్పీలును స్వీకరించి, పదవవంతు జమకట్టుమనెను.

ఇంతకును ఆ సొమ్మెవరిది? జరిమానా యావత్తు ప్రభుత్వ ఖజానాకే చేరును. బస్తాకు అధికధర నిచ్చి ఇల్లు కట్టుకొన్న గుమాస్తాకు గాని, పాతధరపై పని ఒప్పుకొని నష్టపడిన కాంట్రాక్టరునకు గాని అందులో నొక కాసైనను రాదు. పరిహారము కావలసినవారు అప్పీలు ట్రిబ్యునలును వేఱుగా నాశ్రయింపవలెను. పలువురు కలిసి ఒకే దరఖాస్తు పెట్టుకొనుటకు చట్టమున వీలున్నది. మన పఠనమందిరములలో ఈ సంగతి నెందరెఱుగుదురు? కమిషను తన ప్రతి తీర్పుతోపాటు ఆ పద్ధతిని దేశభాషలలో ప్రకటింపరాదా?