మాయకత్తికి వెల ఎంత?

ఆటే కదా, అందులో లెక్కలేమిటని కొందరు నవ్వుతారు. లెక్క తేలని చోటే స్నేహాలు చెడతాయని నేనంటాను.

1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' సంగతే తీసుకోండి. బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. అందులో మంత్రగాడు మాయవస్తువులు తయారు చేయవచ్చు. ఖర్చెంత అన్నదే తగువు.

2000 నాటి మూడో కూర్పులో సగం ధర బంగారం, దానికి తోడు ధరలో 25వ వంతు అనుభవపు పాయింట్లు. 750 నాణేల వైద్యదండానికి 375 నాణేలు, 30 పాయింట్లు. బంగారం అందరూ తలా కొంత వేసుకోవచ్చు. పాయింట్లు మాత్రం చేసినవాడివే పోతాయి! మేలు అందరికీ, నష్టం ఒక్కడికా?

2014 కూర్పు రెండో కొసకు పోయింది. అత్యున్నత వస్తువుకి 5 లక్షల నాణేలు. పని రోజుకి 25 నాణేల చొప్పున. ఒక్కడే చేస్తే 20,000 రోజులు, అంటే దాదాపు 55 ఏళ్ళు! ఇంక ఆడేదెప్పుడు? 2017 నాటి అనుబంధ గ్రంథం దాన్ని 50 పనివారాలకి, లక్ష నాణేలకి దించింది. పైగా అరుదైన ముడిసరుకొకటి సాధించుకు రమ్మంది.

నాకు నచ్చింది ఈ చివరి మాటే. సరుకు కోసం అందరూ కలిసి సాహసం చేస్తారు, ఖర్చే కథవుతుంది. డబ్బొక్కటే కొలతయితే వీరుడు కాస్తా షావుకారవుతాడు.

అయితే ఏ లెక్కయినా ఆట మొదలుకాక ముందే, అందరి ముందూ తేల్చుకోవాలి. మధ్యలో మార్చిన ధర ఎంత న్యాయమైనా మోసంలాగే కనిపిస్తుంది. ఆట నడిపేవాడికి అధికారం ఉంది, నిజమే. ఒప్పించే బాధ్యతా ఉంది. నెలనెలా మెస్సు ఖర్చు పంచుకునే మనకు ఈ మాట వేరే చెప్పాలా?